ముందు నీళ్లు, తర్వాతే నూనె

ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్సు తుపాకులున్నవాళ్లు వాటిని పోలీసు స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకోవడం మామూలే. 2024లో కోడ్ మార్చి 16న వచ్చింది, ఓట్ల లెక్కింపు జూన్ 4న జరిగింది. అంటే నడివేసవిలో 80 రోజులు. తెనాలి, రేపల్లె కాలవల తేమ ఒకవైపు, బాపట్ల దగ్గర సూర్యలంక నుంచి వీచే ఉప్పుగాలి మరోవైపు. ఈ వాతావరణంలో, మూతిలోంచి మందు కూరి పేల్చే పాతకాలపు తుపాకిని శుభ్రం చేయకుండా మూలన పెడితే, మళ్లీ చేతికొచ్చేసరికి గొట్టం లోపల తుప్పు గుంటలు గుంటలుగా తినేసి ఉంటుంది.

ఈ తీరానికి తుపాకిమందు కొత్త కాదు. రేపల్లెకు దిగువనున్న నిజాంపట్నం రేవులో 1606లో డచ్చివాళ్లు, 1611లో ‘గ్లోబ్’ ఓడలో వచ్చిన ఇంగ్లీషువాళ్లు వర్తకానికి దిగారు. ఆ రోజుల్లో దూరదేశాలకు పోయే వర్తక ఓడ ఫిరంగులు లేకుండా కదిలేది కాదు. ఇవాళ మూతిలోంచి మందు కూరే తుపాకి (మజిల్ లోడర్) ఉంచుకోవాలంటే 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి. పంట కాపలాకో, తాతల నాటి ఆస్తిగానో దాన్ని నిలుపుకున్నవాళ్లకు అసలు పరీక్ష పేల్చడంలో లేదు, కడగడంలో ఉంది.

ఎందుకంటే సూరేకారం, బొగ్గు, గంధకం కలిసిన ఆ మందు పూర్తిగా పొగై పోదు. 1870లలో నోబుల్, ఏబెల్ అనే బ్రిటిష్ పరిశోధకులు తూచి చూస్తే మందు బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలింది. అందులో ఎక్కువ భాగం పొటాషియం కార్బొనేట్, సల్ఫేట్, సల్ఫైడ్ లాంటి లవణాలు. గాలిలో తేమను ఇవి పీల్చుకుంటాయి. పేల్చిన తుపాకిని కడుగుతుంటే వచ్చే కుళ్లిన కోడిగుడ్డు వాసన ఆ సల్ఫైడ్‌దే. మందును అంటించే పాతరకం క్యాపుల్లో అగ్గిపుల్ల తలలో ఉండే పొటాషియం క్లోరేటే ఉండేది. అది పేలాక మిగిలే క్లోరైడ్ ఇనుముకు ఇంకా చెడ్డది.

లవణం నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. చాలామంది చేసే పొరపాటంతా ఇక్కడే. పేల్చిన వెంటనే గొట్టంలో కిరసనాయిలు పోసి ఊపి, పైన ఇంత నూనె రాసి గోడకు తగిలిస్తారు. మసి కొంత వదులుతుంది, గొట్టం మెరుస్తుంది, లవణం మాత్రం నూనె పొర కింద భద్రంగా కూర్చుని తన పని తాను చేసుకుపోతుంది. ఇనుముకు నీళ్లు శత్రువని చిన్నప్పటినుంచీ వింటూ వచ్చినవాళ్లకు ముందు నీళ్లు పోయమంటే మింగుడుపడదు. అయినా దారి అదే.

మొదట తుపాకిలో మందు లేదని తేల్చుకోవాలి. ఖాళీ గొట్టంలోకి కడ్డీ దించి, మూతి అంచు దగ్గర కడ్డీ మీద గాటు పెట్టుకుంటే సరి. ఎప్పుడు దించినా ఆ గాటు మూతికి పైన ఆగిందంటే లోపల ఏదో ఉన్నట్టే. ఆ తర్వాత క్యాప్ తగిలించే నిపిల్ విప్పి, సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో పాత నూలుగుడ్డ ముక్క తడిపి కడ్డీ చివర బిగించి, గొట్టం అడుగుదాకా తోసి లాగాలి. మొదటి గుడ్డ కాటుకలా వస్తుంది, తర్వాతవి బూడిదరంగుకు తిరుగుతాయి. తెల్లగా వచ్చేదాకా గుడ్డలు మారుస్తూనే ఉండాలి. మసి ఎక్కువగా పేరుకునేది గొట్టం అడుగున, నిప్పు పోయే చిల్లులో. అక్కడ తొందర పనికిరాదు. సలసల కాగే నీళ్లు పోస్తే గొట్టం వేడెక్కి త్వరగా ఆరే మాట నిజమే గానీ, ఆరుతూ ఆరుతూనే ఎర్రటి పలచని తుప్పు పడుతుంది. గోరువెచ్చని నీళ్లే మేలు. ఇత్తడి బిందెలు తోమే చింతపండు, ఇటుకపొడి గొట్టం దరిదాపులకు రాకూడదు. పులుపు ఇనుమును తింటుంది, పొడి గీతలు పెడుతుంది.

పొడిగుడ్డలతో తడి పూర్తిగా పోయాకే నూనె వంతు.

ఏ నూనె అన్నది తేలిక ప్రశ్న కాదు. పేల్చేటప్పుడు వాడే నూనె వేరు, దాచేటప్పుడు వాడేది వేరు. పేల్చేటప్పుడు గుండు చుట్టూ చుట్టే గుడ్డకు పెట్రోలియం నూనె రాస్తే మసితో కలిసి తారులా అతుక్కుంటుంది. గానుగ నూనె, కొవ్వు, తేనెమైనం మసిని మెత్తగా ఉంచుతాయి. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకి తూటా కాగితానికి కొవ్వు పూసిందీ ఇలాంటి అవసరానికే. అది ఏ జంతువు కొవ్వోనన్న అనుమానం సిపాయిల్లో రగిలాక, 1857 జనవరి 27న కంపెనీ సర్కారు తూటాలకు ఏమీ పూయకుండా పంపుతామని, నచ్చిన మిశ్రమం సిపాయిలే రాసుకోవచ్చని ఆదేశించింది. అప్పటికే నమ్మకం పోయింది.

మన ఇళ్లలో దొరికేవాటిలో, పేల్చేటప్పుడు వాడటానికి ఆముదమే మిన్న. గాలికి ఆరిపోదు, లోహాన్ని పట్టుకుని ఉంటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లకు ఆముదమే పోసేవారు, అది పెట్రోలులో తేలిగ్గా కలవదు కనుక. కొబ్బరినూనె కూడా ఆరదు గానీ 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, పాతబడితే ఆమ్లగుణం పెరుగుతుంది. నువ్వుల నూనె నెలల తరబడి ఉంటే జిగురవుతుంది. అవిసె నూనె ఆరి గట్టి పొర కడుతుంది కాబట్టి కర్ర మడమకు దానికి మించింది లేదు, గొట్టానికి మాత్రం వద్దు.

దాచడానికి గానుగ నూనెలు వదిలేసి, కుట్టుమిషన్‌కు వేసే పలచని మినరల్ నూనె రాయడం మంచిది. జర్మనీలో 1904 నుంచీ ఉన్న బాలిస్టాల్ అనే నూనె నీళ్లలో పాలలా కలుస్తుంది గనుక కడగడానికీ, విడిగా పూయడానికీ రెంటికీ వాడతారు. ఎప్పటికీ పేల్చని పాత తుపాకులకు మ్యూజియాల పద్ధతి నయం. అక్కడ నూనెకు బదులు పలచగా మైక్రోక్రిస్టలైన్ మైనం పూస్తారు, దాని మీద దుమ్ము అంతగా అంటదు.

నూనె రాసిన మర్నాడు తెల్లగుడ్డ ఒకటి లోపలికి పంపి చూడాలి. గోధుమరంగు అంటిందంటే లవణం ఇంకా మిగిలినట్టే, మళ్లీ నీళ్లతో మొదలుపెట్టాలి. స్టేషన్లో అప్పగించే ముందురోజు కాకుండా నాలుగు రోజుల ముందే ఈ పని పెట్టుకోవడం అందుకే. తిరిగొచ్చాక పేల్చాలనుకుంటే గొట్టం, నిపిల్ చిల్లు పొడిగుడ్డతో నూనె లేకుండా తుడవాలి. మందు నూనెకు తడిస్తే క్యాప్ పేలినా అంటుకోదు. అప్పుడు తుపాకి మూతిని మనుషుల్లేని వైపే ఉంచి కనీసం నిమిషంపాటు కదలకుండా ఆగాలి.