పాత వింటికి కొత్త నారి

పాత విల్లు చేతికి వచ్చినప్పుడు మొట్టమొదట చేయవలసిన పని దానిని వంచకుండుట. ఈ మాట వినుటకు సులభము, ఆచరించుటకు కఠినము. ఏలయన, హరికథలలోను వీధినాటకములలోను సీతాస్వయంవరమును, మత్స్యయంత్రమును వినుచు చూచుచు పెరిగిన మనకు విల్లన్నంతనే ఎక్కుపెట్టుట, ఆకర్ణాంతము లాగుట, దిక్కులు మారుమ్రోగుట, ఇవియే తోచును గాని, దానిని ఒడిలో నుంచుకొని వెలుతురునకు త్రిప్పి త్రిప్పి చూచుట, అంగుళముల బద్దతో కొలుచుట, దారపు పురిని సవరించుట వంటి నెమ్మదైన పనులును విలువిద్యలోనివే యని తోచదు. ఆ నెమ్మదైన పనులే ఈ విద్యకు తొలి పాఠమని ఇటీవలి అనుభవమువలన నాకు దృఢమైన నమ్మకము కలిగినది.

నా విల్లు నాకు కామ్‌రేజ్‌లో లభించినది. తాపీనదీ తీరమున, సూరతు నగరమునకు ఈశాన్యదిశను, ముంబయి–అహమ్మదాబాదు రహదారిపై నున్న ఈ ఊరికి దూరదేశములతో పరిచయము నిన్నమొన్నటిది కాదు. 2003లో ఇక్కడ జరిగిన పురావస్తు తవ్వకములు క్రీస్తుశకారంభకాలపు సముద్రవ్యాపారముతో ఈ స్థలమునకు గల సంబంధమును వెలికి దెచ్చినవి. నేడును ఇక్కడి గుజరాతీ కుటుంబములు పెక్కింటికి అమెరికాలోనో ఇంగ్లండులోనో ఒక శాఖ యున్నది. అట్టి ఒక యింటి అటకపై పాత దుప్పటిలో ఎన్నో వానకాలములు గడపిన విల్లును, వీధివారందరును కాకా అని పిలుచుకొను పొరుగింటి పెద్దాయన నా చేతికిచ్చి, “తీసుకో భాయ్, మా తమ్ముడు అమెరికానుండి తెచ్చినది, నీకు దానిమీద ఇష్టమున్నది గనుక నీవే బాగుచేసుకో” అనిరి. అది 60 అంగుళముల రికర్వ్ విల్లు. ఒకే ముక్కగా చేయబడినది. నడుమ చెక్కపొరలు, వెనుక ముందులను గాజునారపూత. 28 అంగుళముల మేరకు లాగినచో 35 పౌనుల బలమని పిడికి దిగువను వ్రాసి యున్నది.

రికర్వ్ అనగా, రెండు కొనలును విలుకానికి ఎదురుదిశగా, లక్ష్యము వైపునకు వంగియున్న విల్లు. నారి కట్టని వేళ దానిని చూచువారికి, ఎటు వంచవలసినది ఎటు వంచియున్నదో అని భ్రాంతి కలుగును. నారి కట్టినప్పుడు ఆ వంపులు నారికి ఆనుకొని యుండును. లాగుకొలది అవి విచ్చుకొని, లాగుడు చివరి అంగుళములలో మీటకఱ్ఱవలె పనిచేసి, చేతిపై బరువు ఒక్కుమ్మడిగా పెరుగకుండ కాపాడుచు, పొట్టి వింటిలోనే అధికశక్తిని నిలువచేయును. ఈ ఉపాయము కొత్తది కాదు. కొమ్మును, నరములను, చెక్కను జిగురుతో అతికి ఆసియాఖండపు ఆశ్వికులు చేసికొన్న విండ్లు ఈ జాతివే. మన పూర్వులు శార్ఙ్గమనియు సింగిణియనియు పేర్కొన్నది కొమ్ముతో చేసిన వింటినే. కొమ్మునకును నరమునకును బదులు గాజునారను చెక్కకు అతికించుట 1950ల దశకమున ఫ్రెడ్ బేర్ మున్నగు అమెరికను శిల్పుల చేతులలో వ్యాప్తికి వచ్చినది. 1972లో మ్యూనిక్ నగరమున విలువిద్య ఒలింపిక్ క్రీడలలో మరల చోటు సంపాదించినప్పటినుండి అక్కడ పోటీకి నిలిచినది ఈ రికర్వే. 2024 పారిస్ క్రీడలలో మన విజయవాడ యువకుడు బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్‌తో కలిసి మిశ్రమ విభాగమున నాలుగవ స్థానము వఱకు చేరినది దీని పరిణతరూపముతోనే. ఆయన వింటికి స్థిరదండములును, గురిచూచు సాధనమును ఉండును. నా వింటికి పిడియు నారియు తప్ప మఱేమియు లేదు. వంశము మాత్రము ఒక్కటే.

పాత వింటిని పరీక్షించుటకు కన్నుకన్న ముందు దూది కావలయును. పిడికి ఇరువైపుల నున్న బద్దల పొడవునను అంచుల వెంబడిని దూదిపింజను మెల్లగా జార్చినచో, చూపున కందని గాజునార పెచ్చు ఎక్కడ లేచియున్నదో అక్కడ పింజ చిక్కుకొనును. పిదప పగటి వెలుతురున చూడవలయును: బద్ద పొడవు వెంబడి సాగిన సన్నని గీతలు వయస్సు తెచ్చినవి, పెక్కుసార్లు నిరపాయములు, అడ్డముగా సాగిన పగులు మాత్రము మృత్యుచిహ్నము. పొరల నడుమ గోరు దూరునంత సందు కనబడినను ఆ విల్లు ఎక్కుపెట్టుటకు తగదు. వేసవియెండలో మూసిన కారులో నుంచిన విండ్లకు జిగురు మెత్తబడి పొరలు విడుట కలదు. మన ప్రాంతపు మేనెల యెండ అందుకు చాలును. మూల నిలువబెట్టి యుంచిన వింటికి క్రిందిబద్ద మెలితిరుగును. కాకాగారి అటక ఈ వింటిని అడ్డముగా పడుకొనబెట్టి కాపాడినది. గీతలు కొన్ని యున్నవి గాని పగులు లేదు, మెలిక లేదు.

ఇక బలము సంగతి. వింటిపై వ్రాసిన 35 పౌనులు 28 అంగుళముల లాగుడునకు చెప్పిన లెక్క. నా చేతుల పొడవునకు లాగుడు 26 అంగుళములే. అంగుళమునకు రెండు, రెండున్నర పౌనులు తగ్గును గనుక నా వ్రేళ్లకు తగులునది సుమారు 30 పౌనులు. నేర్చుకొనువారు 25 మొదలు 30 పౌనుల లోపల నిలుచుట మేలని ఈ విద్య తెలిసినవారు పెక్కురు చెప్పుదురు. బరువైన వింటిని లాగబూనినవాని భుజము వణకును, వణకిన భుజము మోచేతిని క్రుంగదీయును, ఆ దోషము అలవాటై పిదప ఎంత సాధన చేసినను వదలదు.

నారి విషయమున నేను అధికకాలము నిలిచితిని. నిలువదగిన చోటును అదియే. ఈనాటి విండ్లకు సాగుడు లేని బలమైన పాలిథిలీన్ పోగుల నారులు కట్టుదురు. అవి బాణమును వేగముగా పంపును. అయితే బాణము వెడలిన క్షణమున మిగిలిన శక్తిని తాము గ్రహింపక వింటికొప్పులపై పడవైచును. నేటి శిల్పులు అందుకు తగినట్లు కొప్పులను గట్టిపరచుచున్నారు. పాత విండ్లలో ఆ యేర్పాటు లేదు. వానికి అట్టి నారి కట్టుట ముదిసిన యెద్దును దౌడు తీయించుట వంటిది. వానికి తగినది డాక్రాన్. పాలిస్టరు పోగునకు అమెరికాలో డ్యూపాంట్ సంస్థ పెట్టిన పేరది. అది కొంత సాగును, ఆ సాగుటలోనే దెబ్బను తనలో నిముడ్చుకొనును. సూరతు మరమగ్గములపై రాత్రింబవళ్లు నేయబడు చీరలలోని పోగును, ఈ నారిలోని పోగును ఒకే వంశమువి, బలములోనే భేదము.

నారి పేనుట సూరతు నగరమందలి లింబాయత్‌లో జరిగినది. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి వలసవచ్చిన నేతకుటుంబములు తరములుగా సూరతు మగ్గములను నమ్ముకొని యున్నవి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున ప్రాథమిక పాఠశాలలు నడుపునంతటి సంఖ్య వారిది. అందు సిరిసిల్లనుండి వచ్చి స్థిరపడిన ఒక వృద్ధుని నేను మామా అని పిలుతును. తెప్పించిన డాక్రాన్ పోగులను ఆయన ముందుంచి, 12 పోగులను రెండు పేటలుగా విడదీసి, ఒక్కొక్క పేటకు ఒకవైపు పురి పెట్టి, రెంటిని ఎదురువైపునకు పెనవేయవలెనని చెప్పగా, ఆయన ఇది తనకు ఎప్పుడో తెలిసిన సంగతి యన్నట్లు తలయూపి, “పురి ఎక్కువైతే పోగు మెలివడ్తది, తక్కువైతే పేట ఇడిపోతది అల్లుడా, దాని లెక్క చేతికే ఎరుక” అన్నాడు. కొనల యందు ఉచ్చులు దిగినవి, మైనము పట్టినది, బాణము తగులుకొను నడిమిభాగమునకు దారపుచుట్టు పడినది. నారి పొడవు వింటి పొడవుకన్న మూడు నాలుగు అంగుళములు తక్కువగా నుండవలయును. ఆపై సవరణ అంతయు పురిలోనే యున్నది.

నారి కట్టుటకు వింటిని తొడవెనుక ఇరికించి వంచు పద్ధతి చూచుటకు వీరోచితముగా నుండును గాని బద్దలను మెలితిప్పును. రెండు కొనలను తోలుసంచులు గల పొడవైన త్రాటిని కొప్పులకు తొడిగి, త్రాటి నడుమ పాదములుంచి, పిడిని సూటిగా పైకెత్తినచో రెండు బద్దలును సమముగా వంగును, ఉచ్చు తన గాడిలోనికి జారును. నారికిని పిడి లోతునకును నడుమ దూరమును అప్పుడు కొలువవలయును. ఈ పొడవు వింటికి అది 7.5 మొదలు 8.5 అంగుళముల మధ్య నుండుట వాడుక. తక్కువైనచో నారి మణికట్టును కొట్టును; ఎక్కువైనచో బద్దలకు నిరంతరశ్రమ. నారిని విప్పి కొన్ని పురులు ఎక్కించుచు, బాణములు వేయుచు, ఏ కొలత యొద్ద వింటి అదురును మ్రోతయు కనిష్ఠమగునో అక్కడ ఆగవలయును. కొత్త నారి మొదట సాగును గనుక ఈ కొలతను మరల మరల చూచుకొనుట అవసరము. బాణము నారిపై కూర్చుండు చోటు, ఆనుగద్దెకు, అనగా పిడిపై బాణము ఆనుచోటునకు, సమకోణమున నున్న బిందువునకు సుమారు అర అంగుళము పైన గుర్తింపబడును.

బాణమును వింటికి తగినదియే కావలయును. విడిచినంతనే బాణము సూటిగా పోదు. వంగి, పిడి ప్రక్కగా అలవలె కదలి, పిదపనే సరియగును. రాబర్టు ఎల్మర్ దీనికి విలుకాని విరోధాభాసమని పేరు పెట్టగా, క్లారెన్సు హిక్మన్ అతివేగపు ఛాయాగ్రహణముతో దానిని కన్నులకు కట్టించెను. కనుకనే బాణపు బిగువును కొలుతురు: 28 అంగుళముల ఎడమున రెండు ఆధారములపై నుంచి, నడుమ 880 గ్రాముల బరువు వ్రేలాడదీసి, ఎంత వంగినదో అంగుళములో వేయవ వంతులుగా లెక్కింతురు. 500 అనగా అర అంగుళము వంగినదని అర్థము; అంకె పెరిగినకొలది బాణము మెత్తనిది. తేలిక వింటికి మెత్తని బాణము, ఆనుగద్దెమీదినుండి వేయువానికి ఈకల బాణము. పాత వింటికి పౌనుకు 9, 10 గ్రెయిన్ల బరువుండుట క్షేమము. నా 30 పౌనులకు 300 గ్రెయిన్లు, అనగా ఇంచుమించు 19 గ్రాములు. అంతకన్న మిక్కిలి తేలికైన బాణము శక్తిని మోసికొనిపోలేక వింటికే వదలిపోవును. బాణమే లేక నారిని విడుచుట వింటిని చంపుట.

ఈ ఊరి చుట్టును చెఱకుతోటలు. కోతకాలమున డాంగు అడవులనుండి వచ్చిన కూలీలు ఆ గడలచాటున పనిచేయుచుందురు. కనుక చెఱకువైపు గురిపెట్టరాదని, వెనుక మట్టికట్ట యున్న చోటనే సాధన చేయవలెనని నేను నియమము పెట్టుకొంటిని. ఇక్కడి భిల్లులు వెదురు వింటికి వెదురుబద్దనే నారిగా కట్టుదురు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడచిన మన్యపువారి చేతులలో విండ్లును ఉండినవి. వారెవరికిని కొలబద్దలు లేవు. అయినను ఏ బద్ద ఎంత వంగునో, ఏ నారి దేనికి తగునో వారి చేతులు ఎఱుగును. ఆ యెఱుక లేని మనకు కొలత దాని స్థానమున నిలుచును. సాగు గుణము గల నారి, బరువు గల బాణము, మితమైన లాగుడు, ఈ మూడును కలిసి ఒకే ధర్మమును చెప్పుచున్నవి: పాత వింటికి కావలసినది విలుకాని బలప్రదర్శనము కాదు, తన దెబ్బను తానే కొంత సహించు ఓర్పు.

కాబట్టి, ఇంట అటకపై పాత విల్లున్న పాఠకులకు నా విన్నపము. అడ్డపగులు కనబడినచో దానిని గోడకు అలంకరించి గౌరవింపుడు, ఎక్కుపెట్టకుడు. అది దృఢముగా నున్నచో డాక్రాన్ నారి కట్టించి, తెలిసినవారి యెదుట తొలి బాణము వేయుడు. విజయవాడలో చెరుకూరి సత్యనారాయణగారు, 2010లో రోడ్డు ప్రమాదమున కుమారుడు లెనిన్‌ను కోల్పోయినను, వోల్గా అకాడమీని నిలిపి పిల్లలకు ఈ విద్య నేర్పించిరి. గురువులు లేరని ఆంధ్రదేశమున ఎవరును అనజాలరు. ఎంత ఉత్సాహమున్నను, ఎవరు ఎంత బలవంతపెట్టినను, బాణము లేని నారిని మాత్రము ఎన్నడును లాగి విడువకుడు.