పాదరసానికి సాక్ష్యం ఎవరు?

వేడిచేసినప్పుడు ద్రవాలు వ్యాకోచిస్తాయి. పాదరసం సమంగా వ్యాకోచిస్తుంది. అందువలన దానిని ఉష్ణమాపకంలో వాడుతారు. ఈ మూడు వాక్యాలూ తరతరాలుగా హైస్కూలు పాఠాలలో ఒకదాని వెంట ఒకటి నడుస్తున్నవి. మొదటి వాక్యానికి ప్రయోగం చూపించవచ్చును. రెండవదాని దగ్గర చురుకైన విద్యార్థి ఒకడు లేచి, "సమంగా వ్యాకోచిస్తుందని ఎట్లా తెలిసిందండీ?" అని అడిగితే ఏమి చెప్పాలి? ఒక్కొక్క డిగ్రీకి పాదరసం ఎంత పెరిగినదో కొలిచి చూసినారని చెప్పాలి. ఆ డిగ్రీలను కొలిచినది దేనితో? పాదరసపు ఉష్ణమాపకంతోనే! ముద్దాయి తన పక్షాన తానే సాక్ష్యం చెప్పుకొన్నట్లున్నది.

ఈ చిక్కు ఎట్లు విడినదో చరిత్ర ఆధారంగా చూపిన గ్రంథం హాసోక్ చాంగ్ రచించిన 'ఇన్వెంటింగ్ టెంపరేచర్'. 2004లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ దీనిని ప్రచురించినది. భౌతికశాస్త్రం బోధించేవారు ఇందులో రెండవ అధ్యాయాన్నైనా తప్పక చదవాలి.

ఫారెన్‌హైట్ తయారుచేసిన రెండు ఉష్ణమాపకాలు, ఒకటి ఆల్కహాలుది, ఒకటి పాదరసానిది, లైడెన్ ఆచార్యుడు బోయర్‌హావే చేతికి వచ్చినవి. అవి ఒకదానితో ఒకటి సరిపోలలేదు. ఫారెన్‌హైట్ నేరాన్ని గాజుమీద వేసినాడు. గాజు అమాయకురాలేమీ కాదు. డిగ్రీకి పాదరసం తన ఘనపరిమాణంలో 0.00018 వంతు పెరిగితే, మామూలు గాజుబుడ్డి కూడ 0.000025 వంతు పెరుగుతుంది. అనగా పాదరసపు పెరుగుదలలో సుమారు ఏడవవంతును బుడ్డి మింగివేస్తుంది; మనకు కనబడేది దృశ్య వ్యాకోచం మాత్రమే. అయినప్పటికి అసలు కారణం గాజు కాదు, ద్రవాల స్వభావమే. మంచు కరిగే చోట 0, నీరు మరిగే చోట 100 గుర్తులు పెట్టి, మధ్య దూరాన్ని నూరు సమభాగాలు చేసినామనుకొందాం. పాదరసం 50 చూపే తావున ఆల్కహాలు సుమారు 44 చూపుతుంది, నీరు 26 దగ్గరే ఆగిపోతుంది. ఈ మూడింటిలో నిజం చెప్పేది ఏది?

1772లో డెలూక్ మిశ్రమ పద్ధతితో తీర్పు చెప్పబోయినాడు. వేడినీటిని, చన్నీటిని తెలిసిన పాళ్లలో కలిపి, మిశ్రమం ఉష్ణోగ్రతను లెక్కగట్టి, ఏ ద్రవం ఆ లెక్కకు దగ్గరగా ఉన్నదో చూసినాడు. పాదరసం గెలిచినది. కాని నీటి విశిష్టోష్ణం అన్ని ఉష్ణోగ్రతల వద్ద ఒకటే అన్న ఊహ లేనిదే ఆ లెక్క నిలవదు. ఆ ఊహను పరీక్షించాలన్నా మళ్లీ ఉష్ణమాపకమే కావాలి.

పందొమ్మిదవ శతాబ్దపు నడుమ రెన్యో పట్టిన దారి వేరు. దానిని వర్ణించిన పుటలే ఈ గ్రంథానికి ప్రాణం. సమవ్యాకోచం మాట ఆయన పక్కన పెట్టినాడు. ఒకే రకపు పరికరాలు రెండు చేస్తే, ఒకే ఉష్ణోగ్రతకు అవి ఒకే అంకె చూపుతాయా అని మాత్రమే అడిగినాడు. వేర్వేరు గాజులతో చేసిన పాదరసపు ఉష్ణమాపకాలు అధిక ఉష్ణోగ్రతల వద్ద విడిపోయినవి. గాలి ఉష్ణమాపకంలో గాలి సాంద్రత మార్చినా అంకెలు దాదాపు మారలేదు. ఏ పదార్థంతోను నిమిత్తం లేని నిర్వచనానికి కెల్విన్ 1848లో దారి తీసినాడు.

గ్రంథంలో లోపాలు లేకపోలేదు. మొదటి నాలుగు అధ్యాయాలలోను కథ ముగిసిన వెనుక సుదీర్ఘమైన తత్త్వచర్చ వస్తుంది. విద్యార్థి అక్కడ నిలువలేడు. నీరు ఇంత వింతగా ఎందుకు వ్యాకోచిస్తుందో, 4 డిగ్రీల వరకు సంకోచించి పిమ్మట ఎందుకు పెరుగుతుందో అణువుల దృష్ట్యా చెప్పే పని రచయిత పెట్టుకోలేదు. అది ఉపాధ్యాయుడే పూరించాలి. అంతకంటె పెద్ద ప్రమాదం మరొకటి. తొందరపాటు పాఠకుడు, కొలతలన్నీ మనుషుల ఒప్పందాలే కాబోలు అనుకొనవచ్చును. అది సరికాదు. 0 నుండి 100 వరకు మంచి పాదరసపు ఉష్ణమాపకానికి, వాయు ఉష్ణమాపకానికి తేడా డిగ్రీలో పదవవంతు ప్రాంతంలోనే ఉంటుంది. పాఠంలోని రెండవ వాక్యం అబద్ధం కాదు, ఆధారం చెప్పని మాట. ఆ ఆధారం పాదరసంలో లేదు, వాయువులో ఉన్నది.

ఈ సంగతి తరగతిలో చూపుటకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. ఫ్లాస్కు నిండా రంగునీరు పోసి, రబ్బరు బిరడాలో సన్నని గాజుగొట్టం దిగవేయాలి. వేడినీటి తొట్టిలో ఉంచి, మామూలు ఉష్ణమాపకం 20 చూపినప్పుడు ఒక గుర్తు, 80 చూపినప్పుడు ఒక గుర్తు పెట్టి, నడిమి దూరాన్ని 60 సమభాగాలు చేయాలి. తరువాత తొట్టిని 50 డిగ్రీల వద్ద నిలిపి, కొంతసేపు ఆగి చూస్తే రంగునీరు 42 దగ్గర ఉంటుంది.