దత్తం, స్వేచ్ఛ: రెండు మాటలు

తరగతిలో దత్తమండలాలన్న పేరుకు అర్థం చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకు నోరు చేదవుతుంది. మా వజ్రకరూరూ అందులోదే. హైదరాబాదులో దిగిన కుంఫిణీ పటాలాల ఖర్చుకింద నిజాము 1800లో ఈ సీమను రాసిచ్చాడు, రైతునెవరూ అడగలేదు. అయినా పేరులో దానగుణమే వినిపిస్తుంది! 1928 నంద్యాల సభ ఆ పేరును కాదని ‘రాయలసీమ’ అన్నది.

2003లో ఇరాక్ మీద పడ్డ అమెరికా తన దండయాత్రకు పెట్టుకున్న పేరు ‘ఇరాకీ స్వేచ్ఛ’. ఇదీ అటువంటి మాటే. సద్దాం నిరంకుశుడే, కాదనం. 2005లో రాజ్యాంగమూ ఎన్నికలూ వచ్చినమాటా నిజమే. 2020 జనవరిలో ఇరాక్ పార్లమెంటు విదేశీ సేనలు వెళ్ళిపోవాలని తీర్మానించింది. కుర్దు, సున్నీ సభ్యులు చాలామంది ఆనాడు సభకు రాలేదన్న సంగతి మనం దాచనక్కరలేదు. అమెరికా అధ్యక్షుడు ట్రంపు జవాబు మాత్రం వేరే: ఆంక్షలు విధిస్తానన్నాడు, అక్కడి వైమానిక స్థావరానికైన ఖర్చు తిరిగి చెల్లిస్తే తప్ప కదలమన్నాడు.