బొమ్మ ధర – బొమ్మ గీసినవాని కథ

కళాకారుడు తన జీవితకథ చెప్పుకుంటే కొనేవారు దగ్గరకు వస్తారన్న మాట ఈనాడు హస్తకళల ప్రదర్శనల్లోనూ, శిక్షణ తరగతుల్లోనూ పదేపదే వినిపిస్తున్నది. బొమ్మ పక్కన ఒక చీటీ పెట్టు. నీవెవరివో, నీ తాత ఎవరో, ఎన్ని కష్టాలు పడ్డావో అందులో రాయి. బొమ్మ అమ్ముడుపోతుంది – ఇదీ సలహా. సలహాలో అబద్ధమేమీ లేదు. కథ విన్నవాడికి వస్తువు మీద మమకారం పుడుతుంది. మమకారం పుట్టినవాడు గీచి గీచి బేరమాడడు. కాని మనం అడగవలసిన ప్రశ్నలు ఇంతటితో తీరవు. చెబుతున్న కథ ఎవరిది? చెబుతున్నదెవరు? ఆ కథ తెచ్చిన ధర ఎవరి చేతికి చేరుతున్నది? ఈ మూడూ విచారించకుండా ఆ సలహాను మెచ్చుకోవడమూ తొందరపాటే, తిట్టడమూ తొందరపాటే.

వరంగల్‌ను ఆనుకుని ఉన్న ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టులో కథకు చోటు లేదు. రైతు బస్తా విప్పుతాడు. ఖరీదుదారు చెయ్యి పెట్టి మిరపకాయ రంగు చూస్తాడు, తేమ చూస్తాడు, తాలు ఎంతో చూస్తాడు, ధర చెబుతాడు. ఆ పంటకు రైతు ఎక్కడ అప్పు తెచ్చాడో, కాయ ఏరిన కూలీల వేళ్లు ఎట్లా మండాయో ఎవరూ అడగరు. చెప్పినా క్వింటాలుకు రూపాయి పెరగదు. శ్రమ చేసిన మనిషి తన సరుకు చాటునే మాయమైపోవడం ఈ వ్యవస్థ స్వభావం. ఆ చాటు నుంచి కళాకారుడు బయటికి వచ్చి, 'దీన్ని చేసినవాణ్ణి నేను' అంటున్నాడంటే, అది సంతోషించవలసిన సంగతే. మార్కెట్టు దాచిన మనిషిని చూపించడమే గదా అభ్యుదయ సాహిత్యం తనకు తాను పెట్టుకున్న పని!

అయితే కళ ఎప్పుడూ చేసినవాని కథతోనే అమ్ముడుపోలేదు. ఈ ప్రాంతపు నకాషీ చిత్రాలనే తీసుకుందాం. 2016లో జిల్లాల విభజన జరిగేవరకు చేర్యాల వరంగల్ జిల్లాలోనే ఉండేది. ఇప్పుడది సిద్దిపేట జిల్లాలో ఉన్నది. అక్కడి నకాషీలు బట్టకు సుద్ద, గంజి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రని నేలమీద గళ్లు గళ్లుగా కథ గీసి, మూరలకొద్దీ పొడవైన పటాలు చేసేవారు. వాటిని కొన్నది పటం చూపిస్తూ కథ చెప్పే ఆశ్రిత కులాలవారు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పారు. డక్కలివారు మాదిగలకు జాంబపురాణం చెప్పారు. చాకలివారికి మడేలు పురాణం ఉన్నది. ప్రతి కులమూ తన పుట్టుక కథను తానే డబ్బిచ్చి, ధాన్యమిచ్చి చెప్పించుకున్నది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించాలి. ఆ పటానికి విలువ తెచ్చింది చిత్రకారుని కథ కాదు, చూసేవారి కథ. పటంలో తమను తాము చూసుకున్నవారు దాన్ని పోషించారు. చిత్రకారుడు ఎంత బీదవాడు, ఎన్నో తరంవాడు అన్న ప్రశ్న పుట్టనే లేదు. ఆ కాలాన్ని స్వర్ణయుగమని నేననను. పటం కులాన్ని కులం గడపలోనే కట్టివేసింది. చిత్రకారుని ప్రతిఫలాన్ని ఆచారమే నిర్ణయించింది. అయినా ఒక్క మాట ఒప్పుకోక తప్పదు: ఆ బొమ్మను కొన్నవాడు చిత్రకారుని మీద జాలితో కొనలేదు. తనకు అవసరమై కొన్నాడు.

సినిమా వచ్చి, ఆపైన టెలివిజను వచ్చి, కథ చెప్పేవారికి ఊళ్లలో ఆదరణ తగ్గింది. పటం చిన్నదై గోడకు తగిలించుకునే బొమ్మ అయింది. రంపపు పొట్టూ చింతగింజల జిగురూ కలిపి చేసే ముఖాలు అలంకార వస్తువులయ్యాయి. కొనేవాడు పట్నవాసి. అతనికి మడేలయ్య తెలియదు, జాంబవంతుని కథతో పని లేదు. బొమ్మకూ అతనికీ నడుమ తెగిపోయిన తాడు స్థానంలో ఏదో ఒకటి కట్టాలి. ఆ ఖాళీలోకే చిత్రకారుని స్వంత కథ వచ్చి కూర్చున్నది. ఇది ఎవరి కుట్రా కాదు, చారిత్రకంగా జరిగిన మార్పు.

చిక్కంతా ఆ కథను ఎవరు మలుస్తున్నారన్న చోట ఉన్నది. అంగడివాడికి కావలసిన కథ ఒక అచ్చులో పోసి ఉంటుంది: అతి ప్రాచీనమైన కళ, మిగిలిన చివరి కుటుంబం, పూట గడవని బతుకు. ప్రాచీనత గర్వం కోసం, బీదతనం జాలి కోసం, 'చివరి' అన్న మాట తొందరపెట్టడం కోసం. ఈ అచ్చులో పనితనానికి చోటు లేదు. గీత ఎంత నేర్పుతో సాగిందో, ఎరుపు పక్కన పసుపు ఎందుకు పడిందో చీటీ చెప్పదు. ఇక జాలి తెచ్చిన ధర ధర కాదు, దానం. దానమిచ్చేవాడు ఒకసారి ఇస్తాడు; రెండవసారి కొత్త దీనుణ్ణి వెతుక్కుంటాడు. బీదతనమే సరుకైననాడు, కాస్త తేరుకున్న కళాకారుడికి కథ లేకుండా పోతుంది!

మరొక కీడు కూడా ఉన్నది. ఎనుమాములలో జెండాపాట అని ఒకటి జరుగుతుంది. మేలైన రాశి దగ్గర వ్యాపారులు చేరి పాట పాడతారు. ఆ ధర పత్రికల్లోకెక్కుతుంది. తక్కిన బస్తాలకు ఆ ధర దక్కడం లేదన్నది రైతుల పాత ఫిర్యాదు. కథల మార్కెట్టులోనూ జెండాపాట ఉన్నది. ఒక కళాకారుని కథ పత్రికకెక్కుతుంది, అతని బొమ్మకు మంచి ధర పలుకుతుంది, ఆ కళ బతికిపోయిందని అందరూ అనుకుంటారు. మాటకారి కాని పొరుగువాడు అదే పనితనంతో, అదే రంగులతో, సగం ధరకు ఇస్తూనే ఉంటాడు. ఇంట్లో రంగు నింపిన ఆడమనిషి పేరు ఏ కథలోనూ ఉండదు.

కథ ధర తేవడానికీ, ఆ ధర కళాకారుడికి అందడానికీ నడుమ ఎంత దూరముందో వాన్ గోహ్ చరిత్ర చెబుతుంది. ఆయన మరణించిన 1890లోనే 'ఎర్ర ద్రాక్షతోట' అన్న చిత్రం బ్రస్సెల్సులో 400 ఫ్రాంకులకు అమ్ముడయింది. తమ్ముని భార్య యోహన్నా 1914లో ఆయన ఉత్తరాలను ప్రచురించి, పట్టుదలతో ఆ చిత్రాలను లోకం ముందు పెట్టింది. 1990లో డాక్టర్ గాషే చిత్రం 8 కోట్ల 25 లక్షల డాలర్లు పలికింది. విచిత్రమేమంటే, ఆ ఉత్తరాల నిండా ఉన్నది పని: ఏ రంగు పక్కన ఏ రంగు, ఎన్ని రంగు గొట్టాలు కావాలి, కాన్వాసుకు ఎంతవుతుంది. కళాకారుడు తన శ్రమ లెక్క చెప్పుకున్నాడు. లోకం మాత్రం కోసుకున్న చెవినే పట్టుకున్నది.

మరి స్వంత కథ చెప్పుకోవడం తప్పా? కాదనడానికి మన పక్కనే మంచి ఉదాహరణ ఉన్నది. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి, చీర నేతకు ముందు ఆసు పోసేది. ఒక్కొక్క చీరకు చెయ్యి వేల సార్లు ముందుకూ వెనక్కూ ఆడించాలి. ఆమె భుజం పడిపోయేది. కొడుకు 1999లో ఆసు యంత్రం చేసి దానికి తల్లి పేరు పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. ఆయన అమ్మకానికి పెట్టిన చిత్రకారుడు కాడు, నిజమే. కాని ఆ కథ ఏమి చేసిందో చూడండి. అది విన్న తర్వాత పట్టుచీరను చూసినవారికి అంచూ రంగే కాక, దాని వెనకనున్న భుజం కూడా కనబడుతుంది. అది ఒక తల్లి కథ అయినా, ఆసు పోసే ప్రతి ఆడమనిషి కథ. వినేవాణ్ణి ఏడిపించి వదలలేదు, శ్రమ విలువ నేర్పింది.

మంచి కథకు గుర్తు ఇదే. అది ఒక మనిషితో మొదలై, ఆ పని చేసే అందరి దగ్గరకూ పోవాలి. ఎన్ని రోజులు పట్టింది, ఏ సరుకులు వాడారు, ఎవరి దగ్గర నేర్చారు, ఇంట్లో ఎవరెవరి చెయ్యి పడింది, పెట్టిన ధరలో చేతికి వచ్చేదెంత – ఈ సంగతులు అందులో ఉండాలి. కొనేవాడు ఇంత లెక్క వింటాడా అని కొందరు సందేహిస్తారు. మిరపకాయకు తేమ అడిగేవాడు, బంగారానికి తరుగు అడిగేవాడు, బొమ్మకు రోజులెన్ని అని ఎందుకు అడగడు? అడగడం మనం నేర్పలేదు, అంతే.

ఊరుమ్మడి కథకు చట్టం కొంత గుర్తింపు ఇచ్చింది. వరంగల్ జంపఖానాలకు 2018లో, వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు ఏ ఒక్కరిదీ కాదు, ఆ పని చేసే ప్రాంతమంతటిదీ. కాని గుర్తింపు పేరును కాపాడుతుంది, కూలిని కాపాడదు. కొత్తవాడ మగ్గానికి గిట్టుబాటు రావాలంటే, ఆ పేరుతోపాటు శ్రమ లెక్క కూడా కొనేవాని ముందుకు వెళ్లాలి. ధర చెప్పే హక్కు నేతగాళ్ల సహకార సంఘానిదే కావాలి.

రచయితలమైన మనకు ఇందులో పని లేకపోలేదు. ఆ చీటీలు రాస్తున్నది అనేకచోట్ల కళాకారుడు కాదు, అమ్మేవాడు. అదీ కళాకారుడు చదవలేని భాషలో. నకాషీ పక్కన కూర్చుని, నేతగాడి పక్కన కూర్చుని, అతని మాటల్లోనే, తెలుగులో రాసి, తిరిగి అతనికే చదివి వినిపించడం మన చేతనయిన సాయం. తనకు నచ్చని మాటను అతడు కొట్టివేయగలగాలి. తన బతుకును గూర్చి ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో నిర్ణయించుకునే స్వేచ్ఛ కళాకారుడికి లేనంతకాలం, ఆ కథ ఎంత ధర పలికినా అతనిది కాదు.