నీళ్ళ వైపు నుంచి విప్పాలి

వాషింగ్ మెషిన్ మొరాయించిందంటే మోటారు కాలిందనో, బోర్డు పోయిందనో భయపడతాం. కర్నూలు, కడప జిల్లాల్లో ముందు చూడాల్సింది ఆ రెండూ కాదు, నీళ్ళు. నీళ్ళు లోపలికి వచ్చే దారి, లోపల నిలిచి కాగే చోటు, బయటికి పోయే దారి. ఈ మూడూ చూశాకే మోటారు మూత మీద చెయ్యి వెయ్యాలి. నాకు ఈ పని నేర్పిన మెకానిక్కు తమ్ముడు ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు: “ముందు నీళ్ళ వైపు నుంచి ఇప్పక్కా. మోటారు యాడికి పోతాది?” ఆ వరుస పట్టుబడ్డాక మా ఇంట్లో మెషిన్ కోసం బయటి మనిషిని పిలవడం బాగా తగ్గింది.

నీళ్ళనే ఎందుకు అనుమానించాలంటే, మనం బతుకుతున్నది సున్నపురాతి మీద. ఎర్రగుంట్ల, చిలంకూరు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయి కోసమే. ఊరూరా అరుగులకూ, అటకలకూ, వంటింటి గట్లకూ వేసుకునే నల్లటి కడప బండ కూడా సున్నపురాయే. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలకు పోయినవాళ్ళు ఆ రాతిని నీళ్ళు ఏం చేయగలవో కళ్ళారా చూసుంటారు. 1980లలో జర్మన్ గుహాన్వేషకులు దిగి కొలిచిన ఆ సొరంగాలు 3,229 మీటర్ల పొడవున్నాయి. వాటిని ఏ రాజూ తవ్వించలేదు. వాననీళ్ళు గాలిలో, మట్టిలో ఉండే బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పుల్లబడతాయి. ఆ పులుపుకు సున్నపురాయి కరిగి నీళ్ళలో కలిసిపోతుంది. గుహలో ఆ నీటిచుక్క కప్పుకు వేలాడుతూ వాయువును వదిలేసినప్పుడు, కరిగిన సున్నం మళ్ళీ రాయిగా పేరుకుంటుంది. కప్పు నుంచి దిగిన రాతి ఊడలన్నీ అట్లా పుట్టినవే. మన బోర్ల నుంచి మిద్దె మీది ట్యాంకుకు ఎక్కేవి సున్నం కరిగిన అటువంటి నీళ్ళే. వాటిని కాచినా ఆ వాయువు అట్లాగే పోతుంది, సున్నం అట్లాగే రాయవుతుంది. గుహలో వేల ఏళ్ళు పట్టే పనిని మెషిన్లోని హీటరు నెలల్లో చేసి చూపిస్తుంది.

తాగే నీళ్ళకు మన దేశం పెట్టుకున్న ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే దిక్కు లేని చోట 600 దాకా సర్దుకోవచ్చు. మన వైపు ఆ రెండో గీత కూడా దాటిన బోర్లు అరుదేం కాదు. పరీక్ష చేయించకపోయినా గిన్నెల అడుగున కట్టే తెల్లటి గార చెప్తుంది, సబ్బు ఎంత రుద్దినా రాని నురగ చెప్తుంది. మెషిన్‌తో పాటు వచ్చే పుస్తకం మాత్రం ఈ నీళ్ళను చూసి రాసింది కాదు. అందుకే దాన్ని చదివి పక్కన పెట్టి, మన ఊరి నీళ్ళకు తగ్గ పద్ధతిని మనమే రాసుకోవాలి.

మొదట నీళ్ళు వచ్చే దారి. మెషిన్ నీళ్ళు తీసుకోవడం లేదన్నా, తీసుకుంటూ తీసుకుంటూ మధ్యలో ఆగి తప్పు చూపిస్తున్నా, ఎక్కువసార్లు దోషం ఒక వేలెడంత జాలీది. కొళాయి కట్టేసి, ప్లగ్గు పీకి, వెనక పైపు మర తిప్పితే వాల్వు నోట్లో ప్లాస్టిక్ జాలీ కనిపిస్తుంది. నోస్ ప్లయర్‌తో మెల్లగా లాగితే వచ్చేస్తుంది. బోరు నీళ్ళ ఇళ్ళలో దాని కళ్ళు సున్నంతో పూడుకుని ఉంటాయి. మునిసిపాలిటీ నీళ్ళు వాడే ఇళ్ళలో, తుంగభద్రకు కొత్తనీరు వచ్చిన రోజుల తర్వాత, సన్నటి ఎర్రమన్ను పట్టి ఉంటుంది. మన్ను అయితే పాత పళ్ళ బ్రష్‌తో పోతుంది. సున్నం అయితే నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టాలి. సన్నగా బుడగలు వస్తాయి, అంటే రాయి కరుగుతోందని. జాలీ చిరిగిందని తీసి పారేసి ఉత్త పైపు బిగించేవాళ్ళను చూశాను. అట్లా చేస్తే ఆ మన్ను పోయి వాల్వు లోపలి సన్నటి రంధ్రంలో కూర్చుంటుంది. ఇక వాల్వు మూసుకోదు, మెషిన్ ఆపినా నీళ్ళు కారుతూనే ఉంటాయి.

జాలీ శుభ్రంగా ఉన్నా నీళ్ళు నత్తనడక నడుస్తుంటే తల పైకెత్తి ట్యాంకును చూడాలి. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్ళు సుమారు ఒక బార్ ఒత్తిడి ఇస్తాయి. ట్యాంకు ఉన్న మిద్దె కిందే కాపురమైతే మెషిన్‌కూ ట్యాంకుకూ మధ్య మూడు మీటర్లు కూడా ఉండదు, అంటే 0.3 బార్ కూడా అందదు. చాలా ఆటోమేటిక్ మెషిన్లు పనిచేయడానికి కనీసం అంత కావాలి. అక్కడ వాల్వు మార్చి లాభం లేదు. ట్యాంకు కింద ఇనుప స్టాండు లేపాలి, లేదా చిన్న ప్రెషర్ పంపు పెట్టాలి.

తర్వాత నీళ్ళు కాగే చోటు. ఫ్రంట్ లోడ్ మెషిన్లో డ్రమ్ము కింద వంకీ తిరిగిన హీటరు ఉంటుంది. దాని మీద సున్నం పట్టేకొద్దీ లోపలి వేడి నీళ్ళకు అందదు. కడ్డీ తనలో తాను కాగి కాగి పగులుతుంది. మల్టీమీటర్ ఉంటే తేల్చుకోవడం తేలిక. ప్లగ్గు పీకి, హీటరు తీగలు ఊడదీసి, రెండు కొసలకూ మీటరు ఆనించాలి. 230 వోల్టుల మీద 2,000 వాట్ల హీటరైతే 26 ఓమ్‌ల దగ్గర చూపించాలి. ఏమీ చూపించకపోతే కడ్డీ తెగింది. కొసకూ బాడీకీ మధ్య ఏ కాస్త చూపించినా ఇంకా ప్రమాదం, కరెంటు నీళ్ళలోకి దిగుతున్నట్టు. ఆ హీటరును బాగుచేయాలని చూడకూడదు, మార్చాలి.

అంత దాకా రానివ్వకుండా ఉండడానికే నిమ్మ ఉప్పు. బట్టలు వేయకుండా, డ్రమ్ములో సుమారు 100 గ్రాములు వేసి 60 డిగ్రీల మీద ఒక ఉతుకు నడిపితే చాలు. ఇంకా మరిగిస్తే ఇంకా బాగా పోతుందనుకోవద్దు. నిమ్మ ఉప్పుతో కలిసిన సున్నం బాగా వేడెక్కిన నీళ్ళలో కరగకుండా మళ్ళీ అడుగున చేరుతుంది. అంతకంటే గట్టిగా చెప్పాల్సిన మాట ఇంకొకటుంది: మరుగుదొడ్డి కడిగే యాసిడ్ దీంట్లో పోయకండి. అది స్టీలును గుంటలు పడేట్టు తినేస్తుంది, రబ్బరును చెడగొడుతుంది. నిమ్మ ఉప్పుతోనూ బ్లీచింగ్ పౌడరు కలపకూడదు, విషవాయువు పుడుతుంది.

నీళ్ళను విరిచి వాడుకోవడం మనకు కొత్త విద్య కాదు. ఊళ్ళ రేవుల్లో రజకులు చౌడు మన్ను నీళ్ళలో బట్టలు తడిపి ఉబ్బకు పెట్టేవాళ్ళు. చౌడులో ఉండే సోడా, నీళ్ళలోని సున్నాన్ని విడదీసి అడుగుకు దించుతుంది. అప్పుడు నీళ్ళు మెత్తబడి మురికిని వదిలిస్తాయి. అంగట్లో దొరికే చాకలి సోడా చేసేదీ అదే పని. ఏ నీళ్ళకు ఎంత మన్ను వేయాలో వాళ్ళ చేతికి తెలుసు. ఆ తెలివిని రసాయన శాస్త్రమని ఎవరూ గౌరవించలేదు, ఆ మనుషులకు దక్కాల్సిన మర్యాదా దక్కలేదు. మెషిన్లో మాత్రం సోడా తగ్గించే వాడాలి. డ్రమ్మును వెనక నుంచి పట్టి ఉంచే మూడు చేతుల చట్రం చాలా మెషిన్లలో అల్యూమినియంది, దానికి సోడా పడదు.

నీళ్ళు బయటికి పోయే దారి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫ్రంట్ లోడ్‌లో కింద మూల మూత తీస్తే చిల్లర, గుండీలు, పిన్నీసులు, దారాల ఉండలు దొరుకుతాయి. మన వైపు ఇళ్ళలో ఎక్కువగా ఉండే రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్‌లో, ఉతికే తొట్టి నీళ్ళు నిలవకుండా కారిపోతున్నాయంటే డ్రెయిన్ రబ్బరు కింద ఒక సున్నపు పెచ్చో, దారం పోగో అడ్డం పడిందన్నమాట. రబ్బరు తీసి కడిగి, అది కూర్చునే అంచును వేలితో తడిమి గరుకు లేకుండా చేస్తే చాలు. వందల రూపాయలు పోసి కొత్త భాగం కొనాల్సిన పని కాదు.

ఇవన్నీ అయ్యాకే కరెంటు. ఇక్కడా మన నేల సంగతి వస్తుంది. “మెషిన్ ముట్టుకుంటే జివ్వుమంటాంది” అనే మాట ఎండాకాలం ఎన్ని ఇళ్ళలో వింటానో. వానలు తక్కువైన మన సీమలో మట్టి ఎండిపోతే కరెంటును లోపలికి పోనివ్వదు. ఇల్లు కట్టినప్పుడు ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన ఎర్త్ గుంత మార్చికల్లా ఎండిపోతుంది. అప్పుడు ఎర్త్ తీగ ఉండీ లేనట్టే. ఆ గుంతలో బిందెడు నీళ్ళు పోస్తూ ఉండాలి. బట్టలు పిండాక చివరన వచ్చే తేట నీళ్ళు దానికి సరిపోతాయి. మెషిన్ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించడం కూడా తప్పనిసరి ఖర్చు. ఈ రెండూ లేని ఇంట్లో ఎవరూ స్క్రూ డ్రైవరు పట్టుకోవద్దని నా మనవి.

మోటారు మూలుగుతూ తిరగకపోతే మొదట వోల్టేజీ చూడాలి. మోటారు బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి పడిపోతుంది. 230 ఉండాల్సిన చోట 180 ఉంటే బలం సుమారు 60 శాతానికి దిగుతుంది. బరువు తగ్గించి, కరెంటు బాగున్న వేళ నడిపి చూడాలి. అప్పటికీ మూలిగితే కెపాసిటర్‌ను అనుమానించాలి. ప్లగ్గు పీకినా అది కరెంటును పట్టుకునే ఉంటుంది కాబట్టి, పాత ఫిలమెంటు బల్బు తీగలు దాని కొసలకు ఆనించి ఖాళీ చేశాకే ముట్టుకోవాలి. ఎన్ని మైక్రోఫారడ్లో దాని ఒంటి మీదే రాసి ఉంటుంది, అదే అంకె ఉన్నది తెచ్చి వేయాలి.

మెషిన్ లోపల ఏముంటుందో నేను మొదటిసారి దగ్గరగా చూసింది 2009 వరదల తర్వాత. ఆ అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచేశాయి. నీళ్ళు తీశాక ఇళ్ళ ముందు పరుపులు, పుస్తకాలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు, అన్నిటి నిండా బురద. మెకానిక్కులు వీధుల్లోనే కూర్చుని మెషిన్ల వెనక మూతలు తీసి, మోటార్లను మంచినీళ్ళతో కడిగి ఎండకు ఆరబెట్టారు. తీగచుట్టలో తేమ పోయిందో లేదో మీటరుతో చూసి గానీ ప్లగ్గు పెట్టలేదు. పనికిరావనుకున్నవి ఎన్నో మళ్ళీ తిరిగాయి. ఈ పెట్టెలో మనిషి చేతికి అందనిది ఏమీ లేదన్న ధైర్యం నాకు ఆ వీధిలో వచ్చింది.

ఆ ధైర్యానికి అడ్డం వచ్చేది విడిభాగాల కొట్టు. “మెకానిక్కును పంపించండి మేడం, సామాను ఆయనకే ఇస్తాం” అన్న జవాబు నేనూ విన్నాను. ఐరోపా సమాఖ్యలో 2021 మార్చి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం వాషింగ్ మెషిన్ విడిభాగాలు కనీసం 10 ఏళ్ళు దొరకాలి. తలుపు, తలుపు రబ్బరు, సబ్బు పొడి వేసే అర వంటివి మామూలు వినియోగదారుకూ అమ్మాలి. మన కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, ఆ డిసెంబరు 24న ఒక పోర్టల్ తెరిచింది. ఇంటి ఉపకరణాలు కూడా దాని పరిధిలో ఉన్నాయి. మంచి మొదలే. కానీ మల్టీమీటర్ పట్టుకోగలిగిన ఒక ఇల్లాలికి జమ్మలమడుగులోనో, ఆదోనిలోనో ఇన్‌లెట్ వాల్వు చేతికిస్తేనే అది హక్కు.

అందాకా కొనే రోజునే జాగ్రత్త పడవచ్చు. షాపులో రంగు, వారంటీ, వాయిదాలు అడిగినట్టే ఇంకో నాలుగు సంగతులు అడగండి. బయటి టబ్బు బోల్టులతో బిగించిందా, అతికించేసిందా? అతికించేసిందైతే, సున్నం గీసుకుని సీలు పోయి, బేరింగు తుప్పు పట్టిన నాడు టబ్బు మొత్తం మార్చాల్సి వస్తుంది. హీటరు వెనక నుంచి వస్తుందా, ముందు నుంచా? వెనక మూత స్క్రూలతో ఊడుతుందా? కనీసం ఎంత నీటి ఒత్తిడి కావాలి? అమ్మే అబ్బాయికి తెలియకపోతే మెషిన్‌ను పక్కకు తిప్పమని మీరే చూడండి. ఆ వెనకవైపే మీరు ముందు ముందు కూర్చోబోయేది.