అడిగితే ఇచ్చేవాడే

మగపిల్లల్ని ఇద్దరిద్దరిగా నిలబెడతారు. ఒకడి చేతిలో బంతి పెడతారు. రెండోవాడికి ఒక్క మాటే చెబుతారు: 30 సెకన్లలో ఆ బంతి నీ చేతికి రావాలి. ఎలా రావాలో చెప్పరు, ఏం చేయకూడదో కూడా చెప్పరు. గడియారం మొదలవగానే గది దద్దరిల్లిపోతుంది. వేళ్లు విరిచేవాడు ఒకడు, మెడ పట్టేవాడు ఒకడు, కింద పడేసి మీదెక్కేవాడు ఇంకొకడు. సమయం అయిపోయాక పాత్రలు మారతాయి. ఇందాక బంతిని కాపాడుకున్నవాడు ఇప్పుడు లాక్కోవాలి. మళ్లీ అదే పెనుగులాట. అంతా చల్లబడి, చొక్కాలు సర్దుకుని కూర్చున్నాక, ఆ గదిని నడిపే పెద్దాయన నెమ్మదిగా అడుగుతాడు: మీలో ఎవరైనా బంతి ఇవ్వమని అడిగారా?

ఎవరూ అడగరు. అడిగితే ఇస్తాడేంటి, పైగా నన్ను పిరికివాడనుకుంటాడు అంటారు పిల్లలు. ఆయన వాదించడు. పక్కవాడి వైపు తిరిగి, వాడు అడిగి ఉంటే నువ్వేం చేసేవాడివి అంటాడు. ఇచ్చేసేవాణ్ణి, బంతేగా అన్న జవాబు వస్తుంది.

ఇది షికాగో నగరంలో ‘బికమింగ్ ఎ మ్యాన్’ అనే కార్యక్రమంలో చేయించే అభ్యాసం. పిల్లలూ టీచర్లూ పొట్టిగా ‘బామ్’ అంటారు. యూత్ గైడెన్స్ అనే స్వచ్ఛంద సంస్థలో పనిచేసిన ఆంథనీ రామిరెజ్-డి విట్టోరియో 2001లో దీన్ని మొదలుపెట్టాడు. పేదరికమూ తుపాకులూ రెండూ ఉన్న పేటల్లోని బడుల్లో, వారానికి ఒక గంట, ఒక్కో గుంపులో పదిహేను మందికి మించకుండా నడుస్తుంది. పిల్లల్ని నేరాలకు దూరంగా ఉంచాలని పుట్టిన కార్యక్రమాలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. వాటిలో ఈ అర నిమిషం బంతి ఆటంత పొందికైన పనితనం నాకు మరెక్కడా కనిపించలేదు.

ముందు బంతి సంగతి. దాని స్థానంలో డబ్బో ఫోనో పెట్టి ఉంటే ఈ అభ్యాసం అక్కడే కుప్పకూలేది. విలువైన వస్తువు కోసం పెనుగులాడటంలో తప్పేముందని ఏ పిల్లాడైనా అడుగుతాడు, ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. బంతి ఎవరి సొత్తూ కాదు, దాన్ని గెలుచుకున్నందువల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. అందుకే చివర్లో, ఇంతసేపూ దేనికోసం కొట్టుకున్నాం అన్న ప్రశ్న ఎవరూ వేయకుండానే పుడుతుంది. ఇక 30 సెకన్ల గడువు. ఐదు నిమిషాలిస్తే ఎవడో ఒకడు ఆలోచిస్తాడు. వీధిలో భుజానికి భుజం తగిలినప్పుడు, తరగతిలో ఎవడో నవ్వినప్పుడు పిల్లాడికి దొరికే సమయం కూడా ఇంతే. పాత్రలు మార్చడంలోనూ మర్మముంది. రెండు వైపులా ఒకే రకంగా మీదపడ్డాక, వాడు మొరటువాడు నేను మంచివాణ్ణి అనుకునే వీలు ఎవరికీ మిగలదు.

అన్నిటికన్నా గొప్పది ఆ రెండో ప్రశ్న. అడిగితే పోయేదేముంది అని పెద్దాయనే అని ఉంటే అది నీతిబోధ అయ్యేది, పిల్లలు అలవాటుగా తలూపి మరిచిపోయేవారు. ఆయన ఆ మాటను ఎదుటి కుర్రాడి నోట పలికిస్తాడు. అవతలివాడు ఇవ్వడు అన్న ఊహ ఎంత తప్పో ఆ అవతలివాడే సాక్ష్యం చెబుతాడు. మేకు కనిపించకుండా రెండు చెక్కల్ని కూర్చే వడ్రంగి పనితనం ఇది. నిదానమే ప్రధానం అని బడి గోడల మీద మనం రాస్తూనే ఉన్నాం. ఆ నిదానం లోపిస్తే ఏమవుతుందో పిల్లాడి వేళ్లకే తెలిసేలా చేయడం వేరే విద్య.

ఇంకో సంగతి నన్ను బాగా ఆకట్టుకుంది. కొట్లాడొద్దని ఈ కార్యక్రమం ఎక్కడా చెప్పదు. ఆ పేటల్లో దారి కాచి వస్తువు లాక్కునేవాడికి ఒకసారి తలవంచితే, రేపటి నుంచి ప్రతివాడూ మీద పడతాడు. అక్కడ ఎదురు తిరగడం పిల్లాడి దృష్టిలో తెలివైన పనే కావచ్చు. అదే పిల్లాడు టీచరు కూర్చోమన్నప్పుడు కూడా అదే తీరున ఎదురు తిరిగితే బడి నుంచి గెంటేస్తారు. వీధికి పనికొచ్చే అలవాటు తరగతిలో కొంప ముంచుతుంది. ధనవంతుల పేటలో పెరిగే పిల్లాడికి ఈ చిక్కు లేదు, వాడికి బడిలోనూ బజారులోనూ ఒకే తీరు సరిపోతుంది. కాబట్టి ఇక్కడ నేర్పేది ఏది ఒప్పు ఏది తప్పు అన్న పట్టిక కాదు. ఇప్పుడు నేనెక్కడున్నాను, ఎదుటివాడు నిజంగా ఏమనుకుంటున్నాడు అని ఒక్క క్షణం ఆగి చూసుకోవడం. పిల్లాడి బతుకును తక్కువ చేయకుండా పాఠం చెప్పడమంటే ఇదే.

మిగతా గంట కూడా ఇదే తీరులో సాగుతుంది. గుండ్రంగా కూర్చుని ఒంట్లో ఎలా ఉంది, మనసులో ఏముంది, బుర్రలో ఏం నడుస్తోంది, ఆత్మ ఎలా ఉంది అని ఒక్కొక్కరూ చెబుతారు. నడిపే ఆయన కూడా తన సంగతి చెప్పుకోవాలి. కోపాన్ని మింగేయమనరు. కోపం మనిషిని నడిపిస్తే ఏమవుతుంది, మనిషే యోధుడిలా కోపాన్ని నడిపితే ఏమవుతుంది అన్నది మాట్లాడుకుంటారు.

దీని ఫలితాన్ని కొలిచిన తీరు కూడా మెచ్చుకోదగ్గదే. 2009-10 విద్యా సంవత్సరంలో షికాగో విశ్వవిద్యాలయం క్రైమ్ ల్యాబ్ పరిశోధకులు 18 బడుల్లో 7 నుంచి 10 తరగతులు చదివే 2,740 మంది అబ్బాయిల్ని తీసుకుని, లాటరీ పద్ధతిలో కొందరికే ఈ అవకాశం ఇచ్చారు. మూడో వంతు మందికి పైగా అప్పటికే ఒకసారైనా అరెస్టయినవారు. ఈ అధ్యయనమూ, తర్వాత జరిపిన మరో అధ్యయనమూ కలిపి చూస్తే, చేరిన పిల్లల్లో హింసాత్మక నేరాలకు అరెస్టులు కార్యక్రమం నడిచిన కాలంలో 45 నుంచి 50 శాతం తగ్గాయి. అన్ని రకాల అరెస్టులూ లెక్కలోకి తీసుకుంటే 28 నుంచి 35 శాతం తగ్గాయి.

మొదటి అధ్యయనం జరిగిన ఏడాది కొందరికి బడి వదిలాక ఆటలు కూడా ఉండేవి. ఎంచుకున్న ఆటలు చూడండి: విలువిద్య, బాక్సింగ్, కుస్తీ, యుద్ధ విద్యలు. ఊపిరి బిగబట్టి నిలవకపోతే బాణం గురి తప్పుతుంది. బరిలో కోపం తెచ్చుకున్నవాడు ముందు దెబ్బ తింటాడు. బంతి చెప్పిన పాఠాన్నే ఇక్కడ ఒళ్లు మళ్లీ చదువుతుందని నాకనిపిస్తుంది. అమెరికాలో బడి ఉన్న రోజుల్లో పిల్లల హింస ఎక్కువగా జరిగేది బడి వదిలిన వెంటనే వచ్చే గంటల్లో. అందుకని చాలామంది ఆ వేళ పిల్లల్ని ఎక్కడో ఒకచోట కూర్చోబెడితే చాలనుకుంటారు. కూర్చోబెట్టడం అవసరమే, కాదనను. కానీ బామ్‌లో ముఖ్య భాగం బడి వేళల్లోనే, వారానికి గంట. అంత కొద్ది సేపటి కాపలాతో హింసాత్మక నేరాల అరెస్టులు దాదాపు సగానికి పడిపోవు. ఆ గంటలో దొరికినదాన్ని పిల్లలు వీధిలోకి తీసుకెళ్లారనే నేను నమ్ముతున్నాను.

పరిశోధకులు దాచని మరో నిజం ఉంది. మొదటి అధ్యయనంలో అరెస్టుల తగ్గుదల కార్యక్రమం నడిచిన ఏడాదికే పరిమితమైంది, తర్వాత నిలవలేదు. పదిహేనేళ్ల కుర్రాడి చుట్టూ పేట మారకుండా ఉన్నప్పుడు, వారానికో గంటను ఏడాది తిరగగానే ఆపేస్తే అంతకన్నా ఆశించలేం. అందుకే ఇలాంటివాటికి డబ్బిచ్చేవారు ఒక ఏడాది ఫలితం చూసి చేతులు దులుపుకోవడం నాకు బాధగా ఉంటుంది. అయినా ఒకటి నిలిచింది. అదే అధ్యయనంలోని పిల్లల్ని ఆ తర్వాత కూడా గమనిస్తే, చేరినవారిలో హైస్కూలు పూర్తి చేసినవారు 12 నుంచి 19 శాతం పెరిగారు. షికాగో ఉన్న కుక్ కౌంటీలోని బాల నిర్బంధ గృహంలో కొంతవరకు ఇలాంటి పాఠాలే నేర్పితే, విడుదలయ్యాక మళ్లీ అక్కడికే తిరిగొచ్చేవారు 21 శాతం తగ్గారు.