బురదలో వేళ్ళ లెక్క

కృష్ణా కరకట్ట దిగి నాగాయలంక, సొర్లగొంది దాకా వెళ్ళినా నీటిపిల్లి (ఫిషింగ్ క్యాట్) కనిపిస్తుందనుకోవడం అత్యాశే. అది రాత్రి తిరిగే జంతువు. మనిషి అలికిడైతే చాలు, మడల్లోకి జారిపోతుంది. అడుగులు మాత్రం తెల్లారాక కూడా బురదలో ఉంటాయి. వాటి వెంట పడటం నాకు అలా అలవాటైంది.

ఇందులో నాకు గురువులు పీతలు పట్టే యానాదులు. వాళ్ళు నడుస్తూనే చెప్పేస్తారు, నాకు గొంతుక్కూర్చుంటే తప్ప తెలియదు. ఇంటిపిల్లి నడిస్తే గోరు పడదు. నక్క అడుగు కోలగా ఉంటుంది, గోళ్ళు తేటగా పడతాయి. నీటికుక్కకు ఐదు వేళ్ళు. నీటిపిల్లిది గుండ్రటి అడుగు, నాలుగు వేళ్ళు. దాని గోళ్ళు పూర్తిగా లోపలికి ముడుచుకోవు, అందుకని మెత్తటి బురదలో వేళ్ళ ముందు కొసలు చుక్కల్లా దిగుతాయి. వేళ్ళ మధ్య తోలుంటుంది గానీ అది కొంతవరకే.

పెంట దొరికితే పుల్లతో విప్పి చూస్తాను. పొలుసులు, ముళ్ళు, పీత పెంకులు. నీటికుక్క పెంటలోనూ ఇవే ఉంటాయి కాబట్టి తొందరపడకూడదు. ఎలుక బొచ్చు కూడా కనిపిస్తే పిల్లి వైపు మొగ్గుతాను. (ఈ పని భోజనానికి ముందు పెట్టుకోకండి.)

ఇప్పుడు చెట్లకు కట్టే కెమెరాలున్నాయి. ఏ రెండు పిల్లుల మచ్చలూ ఒకేలా ఉండవు కాబట్టి ఫొటోలతో లెక్క తేలుతుంది. కోరింగ అభయారణ్యంలో 2018లో 115 నీటిపిల్లులున్నాయని తేల్చారు. లెక్కకు కెమెరానే నమ్ముతాను. కానీ చెరువులో చేప పోతే ఎవరి మీద నేరం మోపాలో తేలేది గట్టు బురదలోనే.

ఇక్కడి కృష్ణా అభయారణ్యం 1989లో ఏర్పడింది, విస్తీర్ణం సుమారు 194 చదరపు కిలోమీటర్లు. దాని హద్దు పిల్లికేం తెలుసు? ఒకప్పటి చిత్తడి నేలల్లో ఇప్పుడు చేపల, రొయ్యల చెరువులున్నాయి, అది అక్కడికీ వస్తుంది. రైతు నష్టం నిజమే. అయితే కొంగ, నీటికుక్క, రోగం చేసినదంతా పిల్లి ఖాతాలోనే రాసేయడం అన్యాయం. పైగా అది వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. చంపితే 3 నుంచి 7 ఏళ్ళ జైలు.

చెరువున్నవాళ్ళకు ఒక్క మాట. పొద్దున్నే గట్టు మీద సగం తిన్న చేప కనిపిస్తే, ఉచ్చు పెట్టే ఆలోచన మానేసి ముందు చుట్టుపక్కల బురదలో వేళ్ళు లెక్కపెట్టండి.